రాత్రిపూట నాలుక పిడచకట్టుకుపోతుంటే: షోగ్రెన్స్ సిండ్రోమ్ ఉన్నవారు ఏం చేయాలి

మీ అమ్మగారికి 56 ఏళ్ళని, ఎప్పటినుంచో కీళ్ళవాతం ఉందని, దానికి తోడు లాలాజలం, కన్నీళ్ళు సరిగా ఊరనివ్వని షోగ్రెన్స్ సిండ్రోమ్ కూడా ఉందని రుమటాలజిస్టు (కీళ్ళవాత నిపుణులు) తేల్చారని రాశారు. పగలు ఎలాగో నెట్టుకొస్తున్నా, రాత్రి కన్ను మూతపడిన కాసేపటికే నాలుక పిడచకట్టుకుపోయి అంగిలికి అతుక్కుంటోందని, లేచి గ్లాసుడు నీళ్ళు తాగితే ఆ నీళ్ళ వల్ల మళ్ళీ బాత్‌రూముకు లేవవలసి వస్తోందని, తెల్లవారేసరికి నిద్ర చాలక ఒళ్ళు నొప్పులు ఇంకా పెరుగుతున్నాయని అన్నారు. నిమ్మ చప్పరింపు బిళ్ళలు, అతిమధురం పుల్ల వాడి చూసినా పెద్దగా గుణం కనిపించలేదన్నారు. నోటి వ్యాధుల నిపుణురాలిగా చాలా ఏళ్ళుగా ఇలాంటివారిని చూస్తున్నాను కనుక కొంచెం వివరంగానే రాస్తాను. మందులు మార్చడం, ఆపడం విషయంలో మాత్రం ఆవిడను స్వయంగా చూస్తున్న వైద్యులదే తుది నిర్ణయం.

ముందుగా రాత్రిపూటే ఎందుకింత బాధ అన్నది చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అందులో ఎక్కువ భాగం తినేటప్పుడూ మాట్లాడేటప్పుడూ ఊరేదే. గాఢనిద్రలో ఎవరికైనా ఊట దాదాపు ఆగిపోతుంది. మామూలు మనుషులకు పడుకునే ముందు నోట్లో ఉన్న పలచని తడి పొర తెల్లవారేదాకా సరిపోతుంది. షోగ్రెన్స్‌లో శరీరాన్ని కాపాడవలసిన తెల్లకణాలే లాలాజల గ్రంథులలోకీ కన్నీటి గ్రంథులలోకీ చేరి వాటిని దెబ్బతీస్తాయి. ఏమీ నమలకుండా ఊరికే కూర్చున్నప్పుడు ఊరే లాలాజలం నిమిషానికి 0.1 మిల్లీలీటరు కన్నా తగ్గడం ఈ వ్యాధి నిర్ధారణకు వాడే కొలతల్లో ఒకటి. పరీక్ష చేసేటప్పుడు అద్దాన్ని బుగ్గ లోపల ఆనిస్తే అది జారదు, అక్కడే అతుక్కుంటుంది. నాలుక ఎత్తమంటే కింద చేరి ఉండవలసిన ఉమ్మి మడుగు కనిపించదు. మెలకువగా ఉన్నప్పుడే ఇలా ఉంటే నిద్రలో ఇక చెప్పేదేముంది? కాబట్టి రాత్రిపూట ఊట పెంచడం మీద కన్నా, ఉన్న కొద్దిపాటి తడి ఆవిరి కాకుండా నిలపడం మీదా, కాపలా లేని ఆ ఏడెనిమిది గంటలు పళ్ళకూ చిగుళ్ళకూ హాని చేసేదేదీ నోట్లో మిగలకుండా చూడటం మీదా దృష్టి పెట్టాలి. నేను కింద చెప్పే ప్రతి సలహాకూ ఆధారం ఈ రెండే.

స్వీడన్‌కు చెందిన హెన్రిక్ షోగ్రెన్ కంటి వైద్యుడు. ఆయన 1933లో సమర్పించిన పరిశోధన గ్రంథంతో ఈ వ్యాధికి ఆయన పేరు స్థిరపడింది. నేటికీ చాలామంది మొదట చేరేది కంటి డాక్టరు దగ్గరికే. నోటి సంగతి వచ్చేసరికి వేడి చేసిందనుకుని సబ్జా నీళ్ళూ బార్లీ నీళ్ళూ తాగుతూ ఏళ్ళు గడిపేస్తారు, ఈలోగా పళ్ళు ఒక్కొక్కటే విరిగిపోతుంటాయి.

దాహం వేరు, నోరు ఎండటం వేరు. మీ అమ్మగారికి మెలకువ వచ్చినప్పుడు రెండు చెంచాల నీళ్ళతో నోరు తడిపితే హాయిగా అనిపిస్తుందా, లేక గ్లాసు ఖాళీ చేస్తే తప్ప తీరడం లేదా అన్నది గమనించండి. మొదటిదైతే అది నోటి ఎండే. రెండోదై, మూత్రం కూడా ఎక్కువెక్కువగా వెళ్తుంటే ఒకసారి చక్కెర పరీక్ష, రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించాలి; కీళ్ళవాతానికి ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్లు వాడుతున్నవారిలో చక్కెర పెరగడం మామూలే. షోగ్రెన్స్ కొందరిలో మూత్రపిండాలను కూడా తాకుతుంది. అప్పుడు మూత్రం చిక్కబడక అతిగా పోవడం, రక్తంలో పొటాషియం పడిపోవడం జరుగుతాయి. ఎప్పుడైనా కాళ్ళు బరువెక్కి మంచం మీద నుంచి లేవలేకపోవడం వంటిది జరిగి ఉంటే ఆ మాట రుమటాలజిస్టుకు తప్పక చెప్పండి, పొటాషియం, బైకార్బనేట్ పరీక్షలు రాయమని అడగండి. పొటాషియం సంగతి అతిమధురం దగ్గర మళ్ళీ వస్తుంది.

ఇక నీళ్ళు. గ్లాసుడు నీళ్ళు గటగటా తాగితే నోటికి వచ్చే ఉపశమనం కొన్ని నిమిషాలే, ఎందుకంటే లాలాజలానికి ఉండే జిగురు నీళ్ళకు లేదు. పైగా మిగిలి ఉన్న కొద్దిపాటి జిగురు పొరను కూడా నీళ్ళు కడిగేస్తాయి, మిగతా పని మూత్రాశయం చూసుకుంటుంది. పగలు నీళ్ళు సరిపడా తాగాలి, అందులో లోటు చేయకూడదు, కానీ రాత్రి భోజనం తరువాత తగ్గించి, మంచం పక్కన గ్లాసుకు బదులు నీళ్ళున్న చిన్న స్ప్రే సీసా పెట్టుకోవాలి. మెలకువ వచ్చినప్పుడు లైటు వేయకుండా, లేచి కూర్చోకుండా, నాలుక మీద ఒకటి, రెండు బుగ్గల్లో చెరొకటి కొట్టుకుని, నాలుకతో చిగుళ్ళ చుట్టూ తిప్పి మింగేస్తే చాలు. ఇలా చేస్తే బాత్‌రూముకు లేవడం చాలామందికి కొద్దిరోజుల్లోనే తగ్గుతుంది. నిద్రను ఎక్కువగా చెడగొట్టేది నోరు కాదు, ఆ లేవడమే.

నీళ్ళకు లేని జిగురును తెచ్చిపెట్టేవి కృత్రిమ లాలాజలం పేరుతో అమ్మే జెల్‌లు, స్ప్రేలు. మన దగ్గర దొరికేవాటిలో చాలావరకు కార్బాక్సీమిథైల్ సెల్యులోజు, గ్లిజరిన్ ఉంటాయి. పగటికి స్ప్రే బాగుంటుంది, రాత్రికి జెల్ మేలు, ఎందుకంటే అది ఎక్కువసేపు అంటుకుని ఉంటుంది. వాడి చూశాం, పని చేయలేదని చెప్పేవారిని ఎలా వాడారో చూపించమంటే, ఎక్కువమంది నాలుక మధ్యలో ఒక ముద్ద వేసుకుని మింగేస్తారు. అది గొంతులోకి పోతుంది తప్ప నోటికి ఉపయోగపడదు. బ్రష్ చేసిన అరగంట తరువాత, సరిగ్గా పడుకోబోయే ముందు, చెంచాడు నీళ్ళతో నోరు తడిపి ఉమ్మేయాలి; పొడి చర్మం మీద జెల్ పరుచుకోదు. శుభ్రంగా కడుక్కున్న వేలి కొసన బఠాణీ గింజంత జెల్ తీసుకుని ముందు నాలుక పై భాగాన, తరువాత అంగిలి ముందు భాగంలో, ఆపైన రెండు బుగ్గల లోపల, చివరగా పై పెదవికీ చిగురుకీ మధ్య ఉన్న సందులో పలచగా రాయాలి. ఆ చివరి చోటును అందరూ మరిచిపోతారు. నోరు తెరిచి నిద్రపోయేవారికి అన్నిటికన్నా ముందు ఎండేది అక్కడే, పెదవి పంటికి అతుక్కుని చీలేదీ అక్కడే. రాసుకున్నాక నీళ్ళు తాగకూడదు. అర్ధరాత్రి మెలకువ వస్తే స్ప్రే కొట్టుకుని అందులో సగం జెల్ మళ్ళీ రాసుకోవచ్చు.

అమెరికాలో ఉన్న పిల్లల చేత జైలిమెల్ట్స్ అనే బిళ్ళలు తెప్పించుకునేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. చిగురుకు అతికించుకుంటే రాత్రంతా మెల్లగా కరిగే, చక్కెరకు బదులు వాడే జైలిటాల్ అనే తీపి పదార్థంతో చేసిన బిళ్ళలవి. కొందరికి బాగా సుఖాన్నిస్తాయి, కొందరికి కడుపుబ్బరం చేస్తుంది. ఇంట్లో కుక్క ఉంటే దానికి అందకుండా పెట్టాలి, జైలిటాల్ కుక్కలకు విషం. జెల్ దొరకని ఊళ్ళో కొబ్బరినూనె బుగ్గల లోపలా పెదవులకూ రాసుకుంటామంటే నాకు అభ్యంతరం లేదు గానీ, రెండు మూడు చుక్కలు మించకూడదు; నోట్లో నూనె పోసుకుని పడుకుంటే నిద్రలో అది ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది.

తరువాతి పని మందుల చీటీలన్నీ ఒకచోట పెట్టి చూడటం. కీళ్ళనొప్పులకూ నిద్రకూ కలిపి రాత్రిపూట ఇచ్చే అమిట్రిప్టిలిన్ నోటిని బాగా ఎండబెడుతుంది. జలుబుకూ దురదలకూ వాడే సెట్రిజిన్, క్లోర్‌ఫెనిరమిన్ కూడా అంతే. నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది మరొకటి. నోరెండి నీళ్ళు తాగుతారు, మూత్రానికి తరచు లేస్తారు, ఆ లేవడం గురించి వేరే డాక్టరు దగ్గర చెప్పుకుంటే ఆయన మూత్రాశయాన్ని శాంతపరిచే ఆక్సీబ్యుటినిన్‌నో సాలిఫెనాసిన్‌నో రాస్తారు, ఆ మందు నోటిని ఇంకా ఎండబెడుతుంది, దాంతో ఇంకో గ్లాసు నీళ్ళు తాగుతారు. ఒక్కో డాక్టరు రాసిన చీటీ ఒక్కో సంచిలో ఉన్నంతకాలం ఈ చక్రం ఎవరి కంటా పడదు. ఈ మందులేవీ మీరుగా ఆపవద్దు. జాబితా రాసి రుమటాలజిస్టు ముందు పెట్టి, వీటిలో నోటిని ఎండబెట్టేవి ఏవి, వాటికి బదులు ఏమైనా ఇవ్వగలరా అని అడగండి. బీపీకి మూత్రం వెళ్ళే మాత్ర ఉంటే దాన్ని ఉదయానికి మార్చవచ్చా అన్నది కూడా అడగదగిన ప్రశ్నే.

ముక్కు తెరుచుకుని ఉందా లేదా అన్నది జెల్ కన్నా ముఖ్యం. ఎంత బాగా రాసుకున్నా, రాత్రంతా నోటితో గాలి పీలిస్తే అది రెండు గంటల్లో అట్ట కట్టుకుపోతుంది. షోగ్రెన్స్‌లో ముక్కు లోపల కూడా ఎండి పక్కులు కడుతుంది కనుక పడుకునే ముందు సెలైన్ చుక్కలో స్ప్రేనో రెండు ముక్కుల్లో వేసుకోవడం మంచిది. ముక్కు దిబ్బడకు వాడే జైలోమెటాజోలిన్ చుక్కలను మాత్రం కొద్దిరోజులకు మించి వాడకూడదు; ఆపగానే దిబ్బడ మునుపటికన్నా ఎక్కువై కూర్చుంటుంది. గట్టిగా గురక పెట్టడం, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం ఉంటే నిద్ర పరీక్ష చేయించాలి. నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కుతో గాలి పంపే సీప్యాప్ యంత్రం వాడవలసి వస్తే గాలిని వెచ్చగా, తేమగా చేసే పరికరం ఉన్నదే తీసుకోవాలి. నోటికి టేపు అంటించుకుని పడుకోవడం గురించి వీడియోలు చాలా తిరుగుతున్నాయి. ముక్కు సరిగా ఆడనివారికీ, నిద్రలో ఊపిరి ఆగేవారికీ అది ప్రమాదం. నేనెవరికీ చెప్పను.

గది విషయంలో మీరు ఉండే ఊరిని బట్టి ఆలోచించాలి. విశాఖలోనో కాకినాడలోనో వేసవి రాత్రి గాలిలో ఉండే తేమ అనంతపురంలోనో ఆదిలాబాద్‌లోనో ఉండదు. ఏసీ ఎక్కడ పెట్టినా గదిలోని తేమను లాగేస్తుంది. ఏసీ లేకపోతే బతకలేమనిపించే రోజుల్లో ఉష్ణోగ్రత మరీ తగ్గించకుండా, గాలి మంచం మీదికి రాకుండా రెక్కలు తిప్పుకోవాలి. ఫ్యాను సరిగ్గా ముఖం మీద తిరిగేలా మంచం ఉంటే తల వైపు మార్చి చూడండి. ఖర్చు లేని ఈ మార్పుతోనే తేడా కనిపించినవారున్నారు. పొడి ప్రాంతాల్లో నీళ్ళ కూలర్ ఈ రోగులకు ఏసీ కన్నా నయం, కానీ దాని నీళ్ళు తరచు మార్చాలి. గాలికి తేమనిచ్చే హ్యుమిడిఫయర్ కొంటే గదిలో తేమ 40 నుంచి 50 శాతం ఉండేలా చూసుకుంటే చాలు. దాన్ని రోజూ కడిగి ఆరబెట్టాలి. మీ అమ్మగారు మెథోట్రెక్సేట్ లాంటి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతుంటే బూజు పట్టిన నీటి ఆవిరి మంచిది కాదు.

ఇప్పుడు నిమ్మ బిళ్ళలూ అతిమధురమూ. పులుపు తగిలితే నోరూరుతుందన్నది నిజమే, కానీ ఊరడానికి గ్రంథి మిగిలి ఉండాలి. నోట్లో ఆమ్లత పెరిగి పీహెచ్ 5.5 కన్నా దిగితే పంటి ఎనామెల్ కరగడం మొదలవుతుంది. చిగురు జారి బయటపడ్డ వేరు భాగం అంతకన్నా ముందే కరుగుతుంది. మనకైతే లాలాజలం వచ్చి ఆ ఆమ్లాన్ని కాసేపట్లో విరిచేస్తుంది. ఆవిడకు ఆ అవకాశం లేదు. పడుకునేటప్పుడు బుగ్గన పెట్టుకున్న నిమ్మ బిళ్ళ, ఉసిరి ముక్క, చింతపండు, పటికబెల్లం, పంచదార పూత ఉన్న సోంపు, ఇవన్నీ రాత్రంతా పంటి మెడ దగ్గర అలాగే ఉండిపోతాయి. ఈ వ్యాధిలో పళ్ళు చిగురు అంచున గోధుమరంగు గీతలా పుచ్చి, ఒకనాడు మొదలంటా విరిగిపోతాయి; నొప్పి ఉండకపోవచ్చు కూడా. పగటిపూట చక్కెర లేని చూయింగ్ గమ్ నమలవచ్చు. అతిమధురం ఇంకో రకంగా ఇబ్బంది. తరచుగా నమిలితే అది రక్తపోటును పెంచి, పొటాషియాన్ని తగ్గిస్తుంది. ఈ వ్యాధిలో పొటాషియం అసలే జారిపోగల ధాతువు కనుక అతిమధురాన్ని పూర్తిగా మానేయమనే చెబుతాను. వక్క, తాంబూలం, వక్కపొడి అలవాటుంటే అవీ మానాలి. ఎండిన నోటి పొరకు వక్క రాపిడి మంచిది కాదు, వక్క వల్ల నోరు తెరుచుకోకుండా బిగిసిపోయే జబ్బు, క్యాన్సరు వస్తాయన్నది తెలిసిందే.

పళ్ళు తోమడం రాత్రి ఆఖరి పని కావాలి. పాలు, బిస్కెట్టు, పంచదార ఉన్న సిరప్పు ఏదైనా అంతకు ముందే అయిపోవాలి. నురగ తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్ లేని పేస్టు ఎండిన నోటికి మంట పెట్టదు. ఘాటైన పుదీనా రుచులు కూడా వద్దు. మన దుకాణాల్లో మామూలుగా దొరికే ఫ్లోరైడ్ పేస్టులో 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు) వరకు ఫ్లోరైడ్ ఉంటుంది. ఇలాంటి రోగులకు దంతవైద్యులు 5000 పీపీఎం ఉన్నది రాయవచ్చు, మూడు నెలలకొకసారి పళ్ళకు ఫ్లోరైడ్ వార్నిష్ పూయవచ్చు. తోమాక నురగ ఉమ్మేయాలి గానీ నీళ్ళతో పుక్కిలించకూడదు. ఆ అరగంట పేస్టు పంటి మీద ఉండాలి. నల్లగొండ, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చేవారు ఫ్లోరైడ్ మాట వినగానే భయపడతారు, ఆ భయానికి కారణం వాళ్ళ ఊరి బోరు నీళ్ళు. ఎముకలు వంకర తిప్పిన ఫ్లోరోసిస్ ఏళ్ళ తరబడి నీళ్ళతో మింగిన ఫ్లోరైడ్ వల్ల వచ్చింది. పంటి మీద రాసి ఉమ్మేసేది ఆ పని చేయదు. అయినా మీ ఊరి నీళ్ళలో ఆ సమస్య ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ ఇంట్లో ఉంటే పారేయండి.

ఆవిడకు ఎండటంతో పాటు మంట కూడా ఉందా అన్నది మీరు రాయలేదు. కారం తగలకపోయినా నాలుక మండటం, నాలుక ఎర్రగా నున్నగా కావడం, పెదవుల మూలలు చీలడం ఉంటే అది క్యాండిడా అనే ఫంగస్ కావచ్చు. తెల్లటి పూత కనిపిస్తేనే ఫంగస్ అనుకోవడం పొరపాటు. ఎండిన నోట్లో అది తరచు ఎర్రగానే ఉంటుంది. దీనికి క్లోట్రిమజోల్ లాంటి మందులున్నాయి, అవి వాడకుండా జెల్ ఎంత రాసినా మంట తగ్గదు. కట్టుడు పళ్ళ సెట్టు ఉంటే రాత్రి తీసి శుభ్రం చేసి నీళ్ళలో ఉంచాలి, పెట్టుకుని పడుకోకూడదు.

ఇవన్నీ నెలా రెండు నెలలు చేసినా బాధ తగ్గకపోతే లాలాజలం ఊరించే మాత్ర గురించి రుమటాలజిస్టును అడగవచ్చు. పైలోకార్పిన్ బ్రెజిల్ అడవుల్లో పెరిగే జబొరాండి ఆకుల నుంచి వచ్చిన మందు. షోగ్రెన్స్‌కు దాన్ని అమెరికాలో 1998లో అనుమతించారు. సాధారణంగా 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడు నాలుగు సార్లు వాడతారు. ఒక్కో మాత్ర ప్రభావం మూడు నుంచి అయిదు గంటలు ఉంటుంది కనుక చివరి మాత్రను పడుకునే వేళకు జరిపితే మొదటి నిద్ర తెగకుండా ఉంటుంది. నెయ్యీ నూనే ఎక్కువున్న భోజనంతో వేసుకుంటే మందు ఆలస్యంగా ఒంటికి పడుతుంది. చెమటలు పట్టడం, మూత్రం తరచుగా రావడం ఇబ్బందులు. రాత్రి మాత్రతో చెమటకే మెలకువ వస్తోందంటే దాన్ని సాయంత్రానికి మార్చి చూస్తారు. అదుపులో లేని ఆస్తమా ఉన్నవారికీ, కంటిలో ఒత్తిడి పెరిగే ఇరుకు కోణం గ్లకోమా ఉన్నవారికీ ఇది ఇవ్వరు. గ్రంథిలో కొంతైనా జీవం మిగిలి ఉంటేనే ఈ మాత్ర పనిచేస్తుంది. ఒకపక్క అమిట్రిప్టిలిన్ వేసుకుంటూ ఇంకోపక్క దీన్ని వేసుకుంటే ఒకటి ఊరించబోతుంటే మరొకటి ఆపుతుంది, కాబట్టి చీటీల పని ముందు పూర్తి చేయాలని అన్నాను.

ఒక్క విషయం మాత్రం వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగకూడనిది. చెవి ముందు గ్రంథి వాచి అలాగే గట్టిగా ఉండిపోవడం, మెడలో గడ్డలు, కారణం తెలియని జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే వెంటనే చూపించాలి. షోగ్రెన్స్ ఉన్నవారిలో సుమారు నూటికి అయిదుగురికి జీవితకాలంలో లింఫోమా అనే క్యాన్సరు వస్తుంది. గ్రంథి వాపు రెండువైపులా వచ్చిపోతుండటం ఈ వ్యాధిలో మామూలే. తగ్గకుండా ఉండిపోయే వాపును, ముఖ్యంగా ఒకవైపే వచ్చినదాన్ని, అనుమానించాలి. ఆవిడ పడుకునే ముందు జెల్ రాసుకునేటప్పుడు చెవుల ముందూ దవడ కిందా వేళ్ళతో ఒకసారి తడిమి చూసుకోవచ్చు, దానికి అర నిమిషం కూడా పట్టదు.